అమ్రాబాద్ జవాబు పత్రాలు, నా సంతకం

నేను విమానాలు తయారు చేశానని గద్వాలలో చాలామంది అనుకుంటారు. నిజానికి నేను చాలా ఏళ్ళు వాటి రెక్కలు విరగ్గొట్టాను. కొత్తగా చేసిన రెక్కను ఎగరనిచ్చే ముందు ఒక పెద్ద షెడ్డులో ఇనుప చట్రానికి బిగిస్తారు. గాలిలో దాని మీద పడే బరువుకన్నా ఎక్కువ బరువు పెట్టి, మెట్టు మెట్టుగా లాగుతారు. ఎక్కడ సాగుతుందో, ఎక్కడ చిట్లుతుందో చూస్తారు. అదే నా ఉద్యోగం. "మా తిమ్మప్పకు సర్కారు జీతమిచ్చి ఇమానం రెక్కలు ఇరగ్గొట్టిపిస్తున్నది" అని మా అమ్మ మా ఊరు మల్దకల్‌లో కనబడిన వాళ్ళందరికీ చెప్పేది. ఇంతకన్నా తేలిగ్గా నా పనిని ఇప్పటివరకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఉద్యోగం తర్వాత వనపర్తి దగ్గర ఒక ట్రస్టు వాళ్ళు పెట్టిన చిన్న విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా వచ్చాను. గద్వాల, నాగర్‌కర్నూల్, అమ్రాబాద్‌లలో దానికి డిగ్రీ కాలేజీలు ఉండేవి. ఇప్పుడు రెండూ అయిపోయాయి. పొద్దున నడక, మధ్యాహ్నం కునుకు, మధ్యలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు, కొత్తగా చేరిన లెక్చరర్లు వచ్చి కూర్చుంటారు. ఎలా పైకి వచ్చారు సార్ అని అడుగుతారు. దానికి నా దగ్గర పెద్ద జవాబు లేదు. మంచివాళ్ళ మధ్య పడ్డాను, వాళ్ళు నన్ను పడిపోకుండా పట్టుకున్నారు. వాళ్ళ గురించీ, వాళ్ళున్నా నేను చేసిన ఒక తప్పు గురించీ రాస్తాను. ప్రమోషన్ల సంగతి వదిలేస్తున్నాను. అవి ఎలా వస్తాయో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు.

బసవరాజు

బెంగళూరులో నేను చేరిన సంస్థ పేరు ఎందుకులెండి. అక్కడి షెడ్డులో బసవరాజు అనే టెక్నీషియన్ ఉండేవాడు. రాయచూరు మనిషి, అంటే గద్వాలలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ముందే చేరే ఊరు. సగం తెలుగు, సగం కన్నడం కలిపి మాట్లాడేవాడు. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. నేను బసవన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తిమ్మప్ప సారూ అనేవాడు.

రెక్క మీద అక్కడక్కడా గోరంత గేజ్‌లు అతికిస్తారు. బరువు పెరిగేకొద్దీ లోహం ఎంత సాగుతోందో అవి చెబుతాయి. నేను చేరిన కొత్తలో ఒక పరీక్ష జరుగుతుండగా, ఒక బోల్టు రంధ్రం పక్కనున్న గేజ్ నా లెక్కకన్నా చాలా ఎక్కువ చూపించింది. లెక్క నేను వేసింది, ఎమ్‌టెక్ నేను చదివింది, కాబట్టి తప్పు గేజ్‌దే అనుకున్నాను. "గేజ్ పాడైంది, దీన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు" అని రిజిస్టర్లో రాసి, తర్వాతి మెట్టుకు బరువు పెంచమన్నాను. బసవరాజు బరువు పెంచే వాల్వు మీది నుంచి చెయ్యి తీసేశాడు.

"సారూ, జర ఆగు. చూసొస్త."

"చూడ్డానికేముంది బసవన్నా, గేజ్ పోయింది."

"గేజ్‌కు సుళ్ళు చెప్పే పనేముంది సారూ? దానికేమన్న ప్రమోషన్ గావాల్నా?"

సుళ్ళు అంటే కన్నడంలో అబద్ధం. షెడ్డులో ఉన్న నలుగురూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. చెప్పింది చెయ్యమని అరిచాను. ఆయన నా మాట విననట్టే టార్చి, చిన్న అద్దం తీసుకుని రెక్క కింద వెల్లకిలా దూరాడు. కాసేపటికి మా పై అధికారి సుబ్రమణ్యం గారిని పిలవమన్నాడు. బోల్టు రంధ్రం అంచు నుంచి వెంట్రుకంత సన్నని పగులు మొదలై ఉంది. ఇంకో మెట్టు పెంచి ఉంటే రెక్క అక్కడే ఫెళ్ళున విరిగేది. విరిగిన ముక్కలు ఎగిరి పడే చోట, వాల్వు పక్కన, నిలబడేది బసవరాజే.

సుబ్రమణ్యం గారు నన్ను ఒక్క మాట అనలేదు. రిజిస్టర్ తెప్పించి, నేను రాసిన వాక్యం కొట్టేయవద్దన్నారు. దాని కిందే ఏం జరిగిందో నా చేత్తో రాసి సంతకం పెట్టమన్నారు. తర్వాత వచ్చేవాళ్ళు చదవాలి కదా అన్నారు. ఆ పేజీ చాలా ఏళ్ళు ఉంది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ చూపించేవారు. మొదట్లో నాకు తల తీసేసినట్టు ఉండేది. పోను పోను దాన్ని నేనే చూపించడం మొదలుపెట్టాను. ఆ తర్వాత అది చెప్పడం నాకు ఇష్టమైన పని అయిపోయింది. అక్కడ జాగ్రత్త పడాల్సింది, పడలేదు.

సుబ్రమణ్యం గారి దగ్గర నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. ఒకే కొలత పదిసార్లు తీస్తే పది అంకెలూ అచ్చం ఒకేలా రావు. కొంచెం అటూ ఇటూ చెదురుతాయి. ముద్ర కొట్టినట్టు ఒకేలా ఉన్నాయంటే ఎవరో కుర్చీలో కూర్చుని రాశారని అర్థం. ఒకసారి ఒక సరఫరాదారు పంపిన రిపోర్టును ఇలాగే పట్టుకున్నాను. కొలవకుండానే అంకెలు రాశామని వాళ్ళే ఒప్పుకున్నారు. ఆ రోజు నుంచి దొంగ అంకెల వాసన నాకు ఇట్టే తెలిసిపోతుందని ఒక నమ్మకం ఏర్పడింది. అప్పుడప్పుడు నిజమే అయ్యేది కూడా.

కుర్చీలో కూర్చున్నాక

వైస్ ఛాన్సలర్ అంటే పెద్ద పెద్ద ఆలోచనలు చేసే పని అనుకుని వచ్చాను. మొదటి ఏడాది ఎక్కువగా ఆలోచించింది హాస్టల్ నీళ్ళ మోటారు గురించి. నేను చేసిన మంచి పనుల్లో మొదటిది ఏమిటని అడిగితే, ల్యాబ్ క్లాసులు సాయంత్రం నుంచి పొద్దుటికి మార్చడం అంటాను. ఖిల్లా ఘణపూర్ వైపు వెళ్ళే బస్సు నాలుగున్నరకే వెళ్ళిపోయేది, ల్యాబ్ అయిదింటికి అయ్యేది. అందుకని ఆ వైపు ఆడపిల్లలు సైన్సులో చేరేవాళ్ళే కాదు. మేము మాత్రం వాళ్ళకు సైన్సు మీద ఆసక్తి లేదని మీటింగుల్లో బాధపడేవాళ్ళం. అసలు సంగతి చెప్పింది గేటు దగ్గరి వాచ్‌మన్. "సార్, ఆ ఆడపిల్లలకు బస్సు దొర్కదు, గందుకే ఆర్ట్స్ తీస్కుంటున్నరు" అన్నాడు. ఆయనకు నేను ఎప్పుడూ సరిగ్గా కృతజ్ఞత చెప్పుకోలేదు. ఇక్కడ చెప్పుకుంటున్నాను.

కొత్త పిల్లలు చేరిన ప్రతిసారీ ప్రతి కాలేజీకీ వెళ్ళి బసవరాజు కథ చెప్పేవాణ్ణి. టార్చి పట్టుకుని రెక్క కింద దూరడం అభినయించి చూపించేవాణ్ణి. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. అమ్రాబాద్‌లో కూడా చెప్పాను.

ముప్పై ఎనిమిది మంది

డిగ్రీ చివరి ఏడాది లెక్కల పేపరు దిద్దడం గద్వాలలో అయ్యింది. పరీక్షల అధికారి వెంకట్‌రెడ్డి ఒక ఫైలు పట్టుకుని నా గదికి వచ్చాడు. అమ్రాబాద్ కాలేజీలో ముప్పై ఎనిమిది మంది రాస్తే ఒక్కరూ తప్పలేదు, చాలామందికి ఎనభై దాటాయి. ఆ పేపరులో మిగతా కాలేజీల్లో సగం మంది గట్టెక్కడమే గొప్ప. పైగా అందరూ ఒకే వరసలో, అవే మెట్లలో లెక్క చేశారు. ఇంకా విచిత్రం ఏమిటంటే, ప్రతి లెక్క పక్కన మార్జిన్‌లో చిన్న డబ్బా గీసి అందులో "సరి" అని రాశారు.

"దిద్దేటోళ్ళకు సైగ అని మనోళ్ళు అనుకుంటున్నరు సార్" అన్నాడు వెంకట్‌రెడ్డి. "గాని ఒకసారి అమ్రాబాద్ పోయొస్తే మంచిగుంటది. అక్కడ లెక్కలు చెప్పే మేడంను అడిగి చూద్దాం."

ఫైలుకు నాలుగు పత్రాల మొదటి పేజీల జిరాక్సులు జత చేసి ఉన్నాయి. చూశాను. ముద్ర కొట్టినట్టు ఉన్నాయి. నాకు ఎంత ఉత్సాహం వచ్చిందంటే, ఫైలు అట్ట వెనక గ్రాఫు గీసి, చెదురు లేని అంకెలు ఎలా పట్టుబడతాయో వెంకట్‌రెడ్డికి పాఠం చెప్పాను. పాపం, ఓపిగ్గా విన్నాడు. అమ్రాబాద్ వెళ్ళడం ఎందుకు, అంకెలే చెబుతున్నాయి కదా అన్నాను. మూకుమ్మడిగా కాపీ జరిగిందనే అనుమానంతో ముప్పై ఎనిమిది మంది ఫలితాలు ఆపుతున్నట్టు సంతకం పెట్టాను. విచారణ కమిటీ మూడు వారాల తర్వాత కూర్చుంటుందని రాయించాను. మర్నాడు పేపర్లో కూడా వచ్చింది.

వారం తిరక్కుండా శుక్రవారం పొద్దున ఇద్దరు నా గది బయట కూర్చుని ఉన్నారు. మొదటి బస్సుకే బయలుదేరి వచ్చారట. నేను మీటింగులో ఉండి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాను. ఒకామె షాహీన్ బేగం, అమ్రాబాద్‌లో లెక్కలు చెప్పేది ఆమె ఒక్కతే, అదీ కాంట్రాక్టు మీద. రెండో అమ్మాయి ఆమె విద్యార్థిని బాలమణి.

షాహీన్ బేగం కూర్చోమన్నా కూర్చోలేదు. "సార్, ఈ పిల్లకు హైదరాబాద్‌ల ఎమ్మెస్సీ సీటొచ్చింది. సోమారం లోపట మార్కుల మెమో ఇయ్యాలె. మీరు ఆపిన్రు."

విచారణ జరుగుతోంది, ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదన్నాను. సంతకం నాదే, చేతిలో లేదన్నదీ నేనే. పదవిలో ఉన్నవాళ్ళకు ఈ మాట ఎంత తేలిగ్గా వస్తుందో మీరూ చూస్తారు.

"అందరూ ఒకేలా రాశారు కదమ్మా" అన్నాను.

"చెప్పింది నేనొక్కదాన్నే గద సార్, ఒక్కతీరు రాయక ఎట్ల రాస్తరు? ఒప్పులు చూస్తే ఏం తెలుస్తది? తప్పులు చూడున్రి. కాపీ కొడితే తప్పులు గుడ ఒక్కతీరే ఉంటయి."

"మరి ఆ డబ్బా?"

"లెక్క అయినంక, వచ్చిన జవాబు తీస్కపోయి మొదట ఇచ్చిన సమీకరణంల పెట్టి చూస్కోవాలె. కలిస్తె 'సరి' అని రాయాలె. మొదటి ఏడాది నుంచి గిట్లనే నేర్పిన. పరీక్షల గట్ల డబ్బా గీస్తే అనుమానపడ్తరని నాకు తెల్వదు సార్. గది నా తప్పు, పిల్లలది గాదు."

"కలవకపోతే ఏం రాస్తారు?" అన్నాను, ఏదో ఒకటి అడగాలని.

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న బాలమణి తలెత్తింది. "కలవకుంటె కలవలేదని రాస్తం సార్" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

మార్జిన్లు

ముప్పై ఎనిమిది పత్రాలూ తెప్పించి వెంకట్‌రెడ్డీ నేనూ ముందేసుకుని కూర్చున్నాం. వాళ్ళిద్దరూ వరండాలో కూర్చున్నారు.

తప్పులు ఎవరివి వాళ్ళవే. ఒకరు మైనస్ గుర్తు మరిచిపోయారు. ఒకరు భిన్నాన్ని తిరగేశారు. ఒక పిల్లవాడు ఏడును ఒకటి అనుకుని పేజీ చివరిదాకా నిజాయితీగా చేసుకుంటూ పోయాడు. ముప్పై ఎనిమిది మందిలో ఏ ఇద్దరూ ఒకే చోట ఒకే విధంగా తప్పలేదు. నేను వెతికిన చెదురు అక్కడ కావలసినంత ఉంది. నేనే సరైన చోట చూడలేదు.

తర్వాత మార్జిన్లు చదివాం. ఎక్కువ చోట్ల "సరి" అనే ఉంది. ఉన్నట్టుండి ఒక చోట "సరి కాలేదు" అని కనిపించింది. మరో పత్రంలో "సరి కాలేదు, టైం అయింది." ఇంకోదాంట్లో "సరి కాలేదు, ఎక్కడ పోయిందో తెలుస్తలేదు." దిద్దినవాళ్ళు సరిగ్గా అక్కడే మార్కులు కోశారు. తన జవాబు తప్పని తెలిసి, ఆ మాట దిద్దేవాళ్ళకు కనబడేలా పక్కనే రాసి పెట్టిన పిల్లలు వాళ్ళు. చూచి రాసేవాడు అలా రాయడు. వెంకట్‌రెడ్డి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "మనం పరీక్ష పెట్టినమా సార్, వాళ్ళు మనకు పెట్టిన్రా?" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గేసింది.

బసవరాజు కథ తెలిసిన నేను ఈ తప్పు ఎలా చేశానని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. చెప్పీ చెప్పీ ఆ కథలో టార్చి పట్టుకుని వెళ్ళింది నేనే అన్నట్టు నమ్మేశాను. నేను వాల్వు తిప్పమని అరిచినవాణ్ణి. మీ తప్పులను కథలుగా చెప్పండి, తప్పు లేదు. కానీ ఆ కథలో మీరు ఎవరో అప్పుడప్పుడు చూసుకోండి.

ట్రస్టు చైర్మన్‌కు ఫోన్ చేశాను. ఆయన మంచివాడే, సంస్థ పరువు గురించి భయం ఎక్కువ. మానవతా దృక్పథంతో ఫలితాలు విడుదల చేస్తున్నామని రాస్తే సరిపోతుంది, ఎవరికీ మాట రాదు అన్నారు. నాకూ అది సుఖంగానే అనిపించింది. అలాగే టైపు చేయించి షాహీన్ బేగంకు చూపించాను. చదివి కాగితం తిరిగి ఇచ్చేసింది.

"దయ వద్దు సార్. దయ అంటే, కాపీ కొట్టిన్రు గాని విడిచిపెట్టినం అన్నట్టు. ఊర్లల్ల గట్లనే అనుకుంటరు. ఈ పిల్లలు బతికినన్ని దినాలు గదే మాట పడాలె. కాపీ కొట్టలేదు అని రాయున్రి."

ఉద్యోగం ఏ రోజైనా పోయే కాంట్రాక్టు లెక్చరర్ వైస్ ఛాన్సలర్ ఎదుట నిలబడి అన్న మాట ఇది. నా జీవితంలో నాకు దొరికిన పై అధికారుల్లో ఆమెను కూడా లెక్కపెట్టుకుంటాను. ఆ కాగితం చింపి, కొత్తది నా చేత్తో రాశాను. కాపీ జరగలేదు, పత్రాలు చూడకుండా నేను నిర్ణయం తీసుకున్నాను, తప్పు నాది అని మూడే వాక్యాలు. చైర్మన్ నెల రోజులు నా ముఖం చూసి మాట్లాడలేదు. అయినా నన్ను తీసేయలేదు. అందుకు ఆయనకూ కృతజ్ఞుణ్ణి. వెంకట్‌రెడ్డి మనుషులు సాయంత్రం దాకా కూర్చుని మెమోలు అచ్చు వేశారు. బాలమణి తన మెమో పట్టుకుని బస్సెక్కింది. సోమవారానికి ఇంకా రెండు రోజులు ఉన్నాయని నేను నిమ్మళంగా నిద్రపోయాను.

అమ్రాబాద్

సీటు పోయింది. ఫలితాలు ఆపిన రోజే, మా ఆఫీసు వాళ్ళు ఎప్పటి అలవాటు ప్రకారం, ఆపిన పేర్ల జాబితాను పై చదువుల కాలేజీలకు పంపేశారు. అది చూసి హైదరాబాద్ వాళ్ళు బాలమణి పేరు కొట్టేసి, తర్వాతి అమ్మాయిని చేర్చుకున్నారు. సోమవారం బాలమణి, వాళ్ళ నాయన అక్కడికి వెళ్ళాకే ఆ సంగతి తెలిసింది. మంగళవారం నేనే హైదరాబాద్ వెళ్ళాను. మర్యాద చేశారు, చాయ్ ఇచ్చారు. చేరిన అమ్మాయి ఏ తప్పూ చేయలేదు కదండీ అన్నారు. నిజమే. ఆ అమ్మాయిని తీసేయమని ఏ నోటితో అడగను?

అక్కడి నుంచి నేరుగా అమ్రాబాద్ వెళ్ళాను. కబురంది క్లాసు గదికి వచ్చిన ముప్పై ఎనిమిది మంది ముందు నిలబడి నేను రాసింది చదివాను. క్షమించమని అడిగాను. ఈసారి చప్పట్లు లేవు, అక్కర్లేదు కూడా. గది వెనక బాలమణి నాయన ఉన్నాడు. కౌలుకు తీసుకున్న పత్తి చేను నుంచి అలాగే వచ్చినట్టున్నాడు. నేను ఆయన దగ్గరకు వెళ్ళేసరికి ఆయనే నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సారూ, మా కోసం గింత దూరం వచ్చిన్రు. పోయిన పేరు మల్ల వచ్చింది, గది చాలు. సీటుదేముంది, మల్ల ఏడాది వస్తది."

ఆ మాటకు నా గుండె తేలికపడింది. అది నేను దాచను. అంత పెద్ద మనసు ముందు చేతులు జోడించి, ఇక బయలుదేరవచ్చు అనుకున్నాను.

"నాయినా, నువ్వు గట్లనకు" అంది బాలమణి.

గట్టిగా అనలేదు. నా వైపు తిరిగింది.

"మల్లేడు రాస్త సార్. వస్తది గుడ. మీరు వచ్చిన్రు, తప్పు మీదని ఒప్పుకున్నరు, నాకు కోపం లేదు. గాని నాకు ఒక ఏడాది పోయింది. పోలేదన్నట్టు అనుకోకున్రి."

"అనుకోనమ్మా" అన్నాను.

"మీరు కథలు మంచిగ చెప్తరు సార్. గిది గుడ చెప్తరు గద కొత్తోళ్ళకు. చెప్పేటప్పుడు, చివరికి సీటొచ్చిందని మాత్రం చెప్పకున్రి."

చెప్పనని మాటిచ్చాను. తర్వాత ఏడాది ఆమె చదువుకుని ఏం సాధించుకుందో అది ఆమె సొంతం, దాన్ని తెచ్చి ఇక్కడ నా కథకు అతికించుకోను. నాతో అంత సూటిగా మాట్లాడినందుకు ఆమెకు కృతజ్ఞుణ్ణి. రేపు మీరూ ఏదో ఒక కుర్చీలో కూర్చుని సంతకాలు పెడతారు, కాబట్టి ఆమె చెప్పమన్నట్టే మీకు చెబుతున్నాను. ఆ ఏడాది బాలమణికి సీటు రాలేదు. నా సంతకం వల్ల రాలేదు.